విదేశీ దత్తత: బాలల గృహం లోపలి నుంచి ఒక సమగ్ర మార్గదర్శి

విదేశీ దంపతులు బాలల గృహానికి వస్తారు. పిల్లలందరినీ వరుసగా నిలబెడతారు. ఆ ఇల్లాలికి ఒక పాప నచ్చుతుంది. సంతకాలు, కన్నీళ్లు, విమానం. సినిమాల్లో దత్తత ఇలాగే జరుగుతుంది. నిజంగా ఎక్కడైనా ఇలా జరిగితే దాన్ని బేరం అనాలి. సవ్యంగా నడిచే ప్రక్రియలో ఆ దంపతులు హోమ్ గడప తొక్కడం దాదాపు చివరి ఘట్టం. అప్పటికి రెండు దేశాల మధ్య కాగితాలు నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ల తరబడి తిరిగి ఉంటాయి. వాటన్నిటికీ మొదలు, హోమ్ ఆఫీసు గదిలోని ప్రవేశ రిజిస్టరులో ఒక పేజీ.

ఆ రిజిస్టరు రాసే బల్ల వెనుక నేను చాలా ఏళ్లు కూర్చున్నాను. కాబట్టి ఈ వివరమంతా గేటు లోపలి వైపు నుంచి చెబుతున్నాను. దత్తత కోరేవారికి తమను ఎందుకు అన్నాళ్లు ఆగమంటారో ఇందులో తెలుస్తుంది. హోమ్‌లో కొత్తగా చేరినవారికి ఏ కాగితం ఎందుకు రాయాలో తెలుస్తుంది. వయసు పరిమితులు, గడువులు, రుసుములు దేశానికొక రకం. అవి సంబంధిత దేశాల నిబంధనల్లోనే చూసుకోవాలి.

ముందుగా చట్రం. దేశాంతర దత్తతపై హేగ్ ఒప్పందం 1993 మే 29న కుదిరింది, 1995 మే 1న అమల్లోకి వచ్చింది. ఇప్పుడు వందకు పైగా దేశాలు అందులో ఉన్నాయి. చేరిన ప్రతి దేశమూ దత్తత వ్యవహారాలకు ఒక కేంద్ర అధికార సంస్థను పెట్టుకోవాలి. ఇక పని పంపకమంటారా, పెళ్లి సంబంధంలో లాగే ఎవరి వైపు పూచీ వారిది. బిడ్డను దత్తత ఇవ్వవచ్చా లేదా అన్నది బిడ్డ పుట్టిన దేశం తేల్చాలి. పెంచుకోవడానికి వచ్చేవారు తగినవారా కారా అన్నది వాళ్లు నివసించే దేశం తేల్చాలి. ఇద్దరూ సరేనంటే తప్ప అడుగు ముందుకు పడదు. ఈ ఒప్పందంలో లేని దేశాల నుంచి కూడా దత్తతలు జరుగుతాయి గానీ, అక్కడ ఈ రెండు తాళాల రక్షణ ఉండదు. ఎవరైనా సలహా అడిగితే నేను ఆ దారి వద్దనే చెబుతాను.

1. బిడ్డ వచ్చిన రోజు

అర్ధరాత్రి వచ్చినా, ఆయాలంతా హడావిడిలో ఉన్నా, ఆ రోజు రాయాల్సింది ఆ రోజే రాయాలి. మర్నాటికి సగం మరిచిపోతాం. తేదీ, సమయం, తెచ్చినవారి పేరు, చిరునామా, సంతకం. దొరికిన బిడ్డయితే సరిగ్గా ఎక్కడ దొరికింది: 'బస్టాండు దగ్గర' అని కాదు, ఏ పక్క, ఏ బెంచీ, ముందుగా చూసింది ఎవరు. ఒంటి మీద బట్టలు, వాటి రంగు, చుట్టిన గుడ్డ, మొలతాడు, పుట్టుమచ్చలు, మానిన గాయాల గుర్తులు. మాటలు వచ్చిన బిడ్డయితే తన పేరు ఏమని చెప్పిందో, అమ్మను ఏమని పిలిచిందో, ఏ యాసలో ఏడ్చిందో అన్నీ ఆ బిడ్డ మాటల్లోనే. బరువు, ఎత్తు, తల చుట్టుకొలత. ఫొటో. ఆ బట్టలు ఉతికి, సంచిలో కట్టి, రిజిస్టరు నంబరు వేసి బీరువాలో పెట్టాలి. 'పాత గుడ్డలు' అని పారేయకూడదు.

ఇంకో మాట. హోమ్ పెట్టిన పేరునీ, బిడ్డ తనతో తెచ్చుకున్న పేరునీ కలిపేయవద్దు. ఊహించిన పుట్టిన తేదీ పక్కన 'వైద్యుల అంచనా' అని రాయండి. తరువాతి కాగితాలన్నీ ఈ పేజీనే నకలు చేస్తాయి. ఇక్కడ ఒక ఊహ నిజంగా నమోదైతే, అది పాస్‌పోర్టు దాకా నిజంగానే ప్రయాణిస్తుంది.

2. ఇల్లు వెతకడం

బాలల గృహాన్ని జనం అనాథాశ్రమం అంటారు. కానీ హోముల్లో ఉండే పిల్లల్లో చాలామందికి తల్లో, తండ్రో, ఇద్దరూనో బతికే ఉంటారు. తిండికీ చదువుకీ దారిలేక వదిలి వెళ్లినవారు, జబ్బుపడినవారు, పని వెతుక్కుంటూ వలసపోయినవారు. 2009 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి సాధారణ సభ ఆమోదించిన మార్గదర్శకాలు, పేదరికం ఒక్కటే కారణంగా బిడ్డను కుటుంబం నుంచి వేరు చేయరాదని స్పష్టంగా చెబుతున్నాయి. కాబట్టి బిడ్డ హోమ్‌లో ఉన్నంత మాత్రాన దత్తతకు సిద్ధంగా ఉన్నట్టు కాదు.

ఈ దశలో హోమ్ పని దాదాపు పోలీసు పనే. ఫిర్యాదు నమోదు చేయించడం, పత్రికల్లో ప్రకటన వేయించడం, సాంఘిక కార్యకర్తను బిడ్డ చెప్పిన ఊరికి పంపడం, అమ్మమ్మనో మేనమామనో పట్టుకోవడం. దొరికితే, ఆ కుటుంబం నిలదొక్కుకోవడానికి ఏం కావాలో చూడాలి. ఎక్కే గడపా దిగే గడపా అన్నట్టు తిరిగి ఏమీ దొరకకపోయినా, ఎక్కడెక్కడ ఎవరిని ఏ తేదీన అడిగారో ప్రతి ప్రయత్నమూ ఫైలులో ఉండాలి. వెతికామని రాయడం వేరు, వెతకడం వేరు. ఫైలు చదివే న్యాయమూర్తికి ఆ తేడా రెండు నిమిషాల్లో తెలిసిపోతుంది.

ఈ మెట్టు దాటవేస్తే ఏమవుతుందో చరిత్రలో ఉంది. 2010 జనవరిలో హైతీ భూకంపం తరువాత ఒక విదేశీ మత బృందం 33 మంది పిల్లలను అనాథలంటూ సరిహద్దు దాటించబోయి పట్టుబడింది. తీరా చూస్తే వాళ్లకు అయినవాళ్లు ఉన్నారు. దక్షిణ కొరియాలో గత అన్యాయాలను విచారించిన సత్య, సయోధ్య సంఘం 2025 మార్చిలో మరింత చేదు నిజాన్ని బయటపెట్టింది: దశాబ్దాల పాటు తల్లిదండ్రులున్న పిల్లలను కూడా అనాథలుగా నమోదు చేసి విదేశాలకు పంపారు, ఒక బిడ్డ గుర్తింపుతో మరో బిడ్డను పంపిన సందర్భాలూ ఉన్నాయి. అందుకే యుద్ధం, వరద, భూకంపం వచ్చినప్పుడు మొదటి పని కుటుంబాలను కలపడం. ఆ గందరగోళంలో కొత్త దత్తత ఫైలు తెరవకూడదు.

3. సమ్మతి

కన్నవారు తెలిసి ఉంటే వారి సమ్మతి కావాలి. అది రాతపూర్వకంగా, ఎవరి ఒత్తిడీ లేకుండా, డబ్బు ఆశ చూపకుండా తీసుకున్నదై ఉండాలి. తల్లి సమ్మతి బిడ్డ పుట్టాకే చెల్లుతుంది; కడుపుతో ఉండగా పెట్టించుకున్న సంతకం హేగ్ ఒప్పందం ప్రకారం సమ్మతి కాదు.

సంతకం కన్నా ముందు మాట ముఖ్యం. పిల్లను పెద్దింటికి పంపి చదివిస్తే తరువాత తిరిగి వస్తుంది అన్న అలవాటు ఎన్నో సమాజాల్లో ఉంది. దత్తత అంటే అదే అనుకుని వేలిముద్ర వేసిన తల్లులు అనేక దేశాల్లో బయటపడ్డారు. అందుకే ఆమె భాషలో, ఆమె మాటల్లో చెప్పాలి: ఇక చట్టం ముందు మీరు తల్లి కారు, బిడ్డ మీ దగ్గరికి తిరిగి రాకపోవచ్చు, ఈ సంతకం ఫలానా తేదీ దాకా వెనక్కి తీసుకోవచ్చు. చెప్పాక, అర్థమైందా అని అడగకండి, తలూపుతారు. మీకేం అర్థమైందో నాకు చెప్పండమ్మా అని అడగండి.

ఊహ తెలిసిన బిడ్డ అభిప్రాయమూ వినాలి. కొన్ని దేశాల్లో నిర్ణీత వయసు దాటిన బిడ్డ ఒప్పుకోకపోతే దత్తతే లేదు.

4. ముందు స్వదేశంలో

బిడ్డకు కన్నవారింట్లో చోటు లేదని తేలినా, వెంటనే విదేశీ జాబితా తెరవరు. బంధువులు, తరువాత ఆ దేశంలోనే దత్తత తీసుకునేవారు, ఆ తరువాతే విదేశం. భాష, తిండి, పండుగ, ఒంటి రంగు ఇవన్నీ ఒకేసారి మారిపోవడం చిన్న దెబ్బ కాదు కాబట్టి ఈ వరుస పెట్టారు.

దీనికి ఇంకో కోణం ఉంది, దాన్ని దాచను. స్వదేశంలో వెతుకుతున్నామన్న సాకుతో ఫైలు అటక మీద పడి ఉంటే బిడ్డ హోమ్‌లోనే పెద్దదవుతుంది. రొమేనియా రాజధాని బుకారెస్ట్‌లో 136 మంది హోమ్ పిల్లల మీద 2000 ప్రాంతంలో మొదలైన పరిశోధనలో, కొందరిని పెంపుడు కుటుంబాలకు పంపి, మిగతావారితో పోల్చి చూశారు. రెండేళ్ల వయసు లోపు కుటుంబంలోకి వెళ్లినవారు బుద్ధి వికాసంలోనూ అనుబంధాల్లోనూ బాగా కోలుకున్నారు. ఆలస్యమైనకొద్దీ ఆ కోలుకోవడం తగ్గింది. కాబట్టి వరుస తప్పకూడదు, ఏ మెట్టు మీదా నిద్రపోకూడదు. ప్రతి ఫైలు మీద తదుపరి చర్య తేదీ పెన్సిలుతో రాసుకోవడం మా అలవాటు. తేదీ లేని ఫైలు అంటే మరిచిపోయిన బిడ్డ.

5. బిడ్డ నివేదిక

హోమ్ చేతిలో ఉన్న అసలు పని ఇదే. బిడ్డ ఎవరు, దత్తత ఇవ్వడానికి చట్టపరంగా అడ్డేమీ లేదని ఎలా తేలింది, కుటుంబ నేపథ్యం, ఆరోగ్య చరిత్ర, కన్నవారి ఆరోగ్య చరిత్ర, ప్రత్యేక అవసరాలు ఇవన్నీ ఇందులో ఉండాలి. చట్టం వద్దన్న చోట కన్నవారి పేర్లు మాత్రం బయటపెట్టకూడదు.

చాలా నివేదికలు విశేషణాలతో నిండి ఉంటాయి. 'చురుకైన, ముద్దొచ్చే పాప. అందరితో కలివిడిగా ఉంటుంది.' ఇది పెళ్లిచూపుల వర్ణన, పనికిరాదు. పైగా కొత్తవారెవరు వచ్చినా ఒళ్లోకి ఎక్కేసే కలివిడితనం, హోమ్‌లో పెరిగిన పిల్లల్లో ఒక్కోసారి అనుబంధ లోపానికి గుర్తు. దాని బదులు చూసింది చూసినట్టు రాయండి: 'వయసు సుమారు మూడేళ్లు. రెండు పదాలు కలిపి మాట్లాడుతుంది. మెట్లు ఒక చేయి పట్టుకుని ఎక్కుతుంది. రాత్రి ఆయా పక్క మీదకి వచ్చి ఆమె కొంగు పట్టుకుని నిద్రపోతుంది. గట్టిగా తలుపు పడితే చెవులు మూసుకుంటుంది. తిన్నాక ఒక ముక్క దాచుకుంటుంది.' ఈ ఆరు వాక్యాలు చదివిన తల్లికి మొదటి రాత్రి ఏం చేయాలో తెలుస్తుంది.

వైద్య భాగంలో ఒక్కరోజు బరువు చాలదు. వచ్చినప్పటి నుంచీ నెలనెలా తీసిన బరువు, ఎత్తు, తల చుట్టుకొలత కావాలి. అంకెల వరుసలోనే ఎదుగుదల కథ ఉంటుంది. హెపటైటిస్ బి, హెచ్‌ఐవి, క్షయ, సిఫిలిస్ పరీక్షల ఫలితాలు తేదీలతో సహా పెట్టాలి. టీకాల కార్డు, వినికిడి, చూపు కూడా.

దాచవద్దు. ఒకసారి ఒక బాబుకు వచ్చిన మూర్ఛను 'ఒక్కసారే కదా' అని నివేదికలో వదిలేశారు, సంబంధం తప్పిపోతుందేమోనని. అక్కడికెళ్లాక రెండోసారి వచ్చింది. ఆ తల్లిదండ్రులు బాబును వదల్లేదు గానీ, తరువాత పంపిన ప్రతి ఉత్తరంలోనూ ఆ కోపం ఉండేది. కోపం మూర్ఛ మీద కాదు, మా మీద.

6. తల్లిదండ్రుల వైపు కాగితాలు

వాళ్లు దరఖాస్తు చేసుకోవాల్సింది తాము నివసించే దేశంలో, అక్కడి కేంద్ర అధికార సంస్థకో అది గుర్తించిన సంస్థకో. సాంఘిక కార్యకర్త ఇంటికి వచ్చి గృహ అధ్యయనం చేస్తారు: ఆరోగ్యం, ఆదాయం, నేర చరిత్ర, దాంపత్యం, దత్తత ఎందుకు, ఎలాంటి బిడ్డను పెంచగలరు. చాలా చోట్ల శిక్షణ తప్పనిసరి. ఈ పత్రాలు నోటరీ ముద్ర, అపోస్టిల్ (పత్రం అసలైనదేనని వేరే దేశం ఒప్పుకునేలా ప్రభుత్వం వేసే ముద్ర) వేయించుకుని బిడ్డ దేశానికి వస్తాయి. కొన్నిటికి గడువు ఉంటుంది, అది దాటిపోతే మళ్లీ చేయించాలి.

దత్తత కోరేవారికి ఒక ముఖ్యమైన మాట: హోమ్‌కు నేరుగా ఫోను చేయకండి, బిడ్డను చూపించమని అడగకండి. బిడ్డ దత్తతకు అర్హత, సమ్మతులు, మీ అర్హత తేలేవరకు మీకూ బిడ్డ సంరక్షకులకూ మధ్య సంబంధం ఉండకూడదని ఒప్పందమే చెబుతోంది. సొంత కుటుంబంలోని బిడ్డ విషయంలోనూ, అధికారులు షరతులతో అనుమతించిన చోటా మినహాయింపు ఉంది.

నెలల పాపే కావాలనుకుంటే ముందే మనసు దిటవు చేసుకోండి. దేశాంతర దత్తతలు 2004లో సుమారు 45,000తో శిఖరానికి చేరి, అప్పటి నుంచి తగ్గుతూ వచ్చాయి. ఇథియోపియా 2018లో నిషేధించింది. చైనా 2024లో, దగ్గరి బంధువుల విషయంలో తప్ప, ఆపేసింది. ఇప్పుడు ఎదురుచూస్తున్న పిల్లల్లో ఎక్కువమంది కాస్త పెద్దవాళ్లు, తోబుట్టువులతో ఉన్నవాళ్లు, వైద్య అవసరాలు ఉన్నవాళ్లు.

7. జత కుదర్చడం

ఏ బిడ్డ ఏ ఇంటికి అన్నది హోమ్ ఒక్కటే నిర్ణయించకూడదు, తల్లిదండ్రులు ఏరుకోకూడదు. సాంఘిక కార్యకర్త, వైద్యులు, మానసిక నిపుణులు ఉన్న బృందం రెండు నివేదికలనూ పక్కపక్కన పెట్టి చూస్తుంది. ప్రశ్న ఒకటే: ఈ బిడ్డ అవసరాలు తీర్చగల ఇల్లు ఇదేనా? ప్రతిపాదన వచ్చాక తల్లిదండ్రులు వైద్య నివేదికను తమ పిల్లల డాక్టరుకు చూపించుకుని జవాబివ్వాలి. కాదనడం తప్పు కాదు. మోయలేమని తెలిసీ అవుననడమే తప్పు. వాళ్లు ఒప్పుకున్నాక రెండు దేశాల కేంద్ర అధికార సంస్థలూ దత్తత కొనసాగవచ్చని రాతపూర్వకంగా అంగీకరించాలి. ఆ కాగితం వచ్చేదాకా హోమ్‌లో ఎవరూ బిడ్డతో 'మీ అమ్మ వస్తోంది' అనకూడదు.

8. డబ్బు సంగతి

ఖర్చులు ఉంటాయి: అనువాదాలు, కోర్టు, వైద్య పరీక్షలు, న్యాయవాది, బిడ్డ సంరక్షణ. వాటికి, సమంజసమైన వృత్తి రుసుములకు తప్ప దత్తత పేరుతో ఎవరూ లాభం పొందకూడదని ఒప్పందం చెబుతుంది. రుసుముల పట్టిక ముందే రాతలో ఉండాలి, చెల్లింపు బ్యాంకు ద్వారా జరగాలి, ప్రతి దానికీ రసీదు ఉండాలి. కవరులో నగదు తెమ్మన్నారంటే, జత కుదరకముందే 'విరాళం' అడిగారంటే, మిగతావారికి ఏళ్లు పట్టేది మీకు మూడు నెలల్లో చేస్తామన్నారంటే అక్కడితో ఆగిపోండి.

హోమ్ నడిపేవారికి చెప్పాల్సింది మరొకటి. బియ్యం, జీతాలు, కరెంటు బిల్లు దత్తత రుసుముల మీద నడిచే రోజు వచ్చిందంటే, తెలియకుండానే చూపు మారుతుంది. తల్లి తిరిగొస్తే సంతోషించాల్సిన చోట ఆదాయం పోయిందనిపిస్తుంది. గ్వాటెమాలా నుంచి 2006, 2007 సంవత్సరాల్లో ఒక్క అమెరికాకే ఏటా నాలుగు వేలకు పైగా పిల్లలు వెళ్లారు. వ్యవహారమంతా ప్రైవేటు లాయర్ల చేతిలో ఉండి, పిల్లల అపహరణ ఆరోపణల దాకా వెళ్లి, చివరికి ఆ దేశం ఆ దారి మూసేసింది. హోమ్ ఖర్చుల ఖాతా, దత్తత ఖాతా వేరుగా ఉంచండి. విరాళం ఇవ్వాలనుకునే కుటుంబాన్ని అంతా ముగిసి ఏడాది గడిచాక రమ్మనండి.

9. బిడ్డను సిద్ధం చేయడం

అంగీకార పత్రాలు అందాక కొత్త ఇంటి నుంచి చిన్న ఆల్బమ్ వస్తుంది. ఫొటోలు పెద్దవిగా, ముఖాలు స్పష్టంగా ఉండాలి: అమ్మ, నాన్న, మంచం, కుక్కపిల్ల ఉంటే కుక్కపిల్ల. ఆయా రోజూ ఒకే వేళకు బిడ్డను ఒళ్లో కూర్చోబెట్టుకుని పేజీలు తిప్పాలి. వాళ్ల గొంతు రికార్డు చేసి పంపమంటాం. తల్లి రెండు రాత్రులు పక్కన పెట్టుకుని పడుకున్న మెత్తని గుడ్డ ఒకటి పంపితే బిడ్డ పక్కలో వేస్తాం. ఇక్కడ బిడ్డ కప్పుకునే దుప్పటిని ఉతకకుండా వాళ్లకిస్తాం. ఉతికి, మడతపెట్టి ఇవ్వాలన్న మన మర్యాద ఇక్కడ పనికిరాదు, బిడ్డకు కావాల్సింది ఆ వాసనే.

మొదటి రోజు కలిసేటప్పుడు ఆయా పక్కనే ఉండాలి. బిడ్డ ముఖం తిప్పుకుంటే తిప్పుకోనివ్వండి. రెండో రోజు అన్నం ఆయా కలిపి కొత్త అమ్మ చేత పెట్టించాలి, మూడో రోజు స్నానం. చివరి రోజు ఆయా దొంగచాటుగా వెళ్లిపోకూడదు. 'నేను వెళ్లొస్తాను, నువ్వు అమ్మతో వెళ్లు' అని కళ్లలోకి చూసి చెప్పాలి, ఏడుపు వచ్చినా సరే. ఆ రాత్రి హోమ్‌లో ఖాళీ అయిన మంచం పక్క మంచం మీది పిల్లలతో కూడా ఎవరో ఒకరు కూర్చోవాలి. 'నాకెప్పుడు?' అని అడుగుతారు. తేదీలు చెప్పి ఊరడించకండి.

10. ఉత్తర్వు, ధ్రువపత్రం, ప్రయాణం

కోర్టో, చట్టం చెప్పిన అధికారో దత్తత ఉత్తర్వు ఇస్తారు. దాని మీద ఒప్పందం ప్రకారం దత్తత జరిగిందన్న ధ్రువపత్రం వస్తుంది. దాన్ని చూపిస్తే సభ్య దేశాలన్నీ ఆ దత్తతను మళ్లీ విచారణ లేకుండా గుర్తించాలి. తరువాత కొత్త జనన ధ్రువపత్రం, పాస్‌పోర్టు, వీసా. వీలైనంతవరకు బిడ్డ తల్లిదండ్రులతో కలిసే ప్రయాణించాలి.

పౌరసత్వం ఒక్కటీ మరిచిపోవద్దు. అమెరికాలో 2001 ఫిబ్రవరి 27న అమల్లోకి వచ్చిన చట్టం దత్తత పిల్లలకు దానంతటదే పౌరసత్వం వచ్చే వీలు కల్పించింది గానీ, ఆ రోజుకు 18 ఏళ్లు నిండినవారికి వర్తించలేదు. పసితనంలో వెళ్లి అక్కడే పెరిగి, నడివయసులో తాము పౌరులమే కాదని తెలుసుకున్నవారున్నారు. కొందరిని దేశం దాటించారు కూడా. చేతికి పౌరసత్వ పత్రం వచ్చేదాకా పని అయినట్టు కాదు.

11. వెళ్లాక

కొన్నేళ్ల పాటు అనుసరణ నివేదికలు వస్తాయి: ఎత్తు, బరువు, బడి, నిద్ర, ఫొటోలు. ఎన్ని, ఎంతకాలం అన్నది బిడ్డ దేశపు చట్టం చెబుతుంది. వాటిని చదవకుండా ఫైలులో కుట్టేయవద్దు. మూడు నివేదికలు వరుసగా ఒకే మాటలతో వస్తే ఆరా తీయాలి. దత్తత పూర్తికాకముందే ఆ ఇంట్లో బిడ్డకు సరిపడకపోతే, అక్కడి అధికార సంస్థ బిడ్డను తన రక్షణలోకి తీసుకుని వేరే కుటుంబాన్ని చూడాలి. వెనక్కి పంపడం అన్నిటికన్నా చివరి మార్గం.

12. ఫైలు

బిడ్డ మూలాల సమాచారాన్ని, ముఖ్యంగా కన్నవారి గుర్తింపును, ఆరోగ్య చరిత్రను భద్రపరచాలని ఒప్పందంలో ఉంది. చట్టం అనుమతించిన మేరకు, తగిన తోడ్పాటుతో ఆ బిడ్డ దాన్ని చూడవచ్చు. చెదలు, వాన, హోమ్ మూతపడటం, ఈ మూడింటి నుంచీ కాపాడాలి. స్కాన్ చేసి ఒక నకలు అధికార సంస్థకు పంపండి, అసలు కాగితం పారేయకండి.

ఒక మధ్యాహ్నం ఒక అమ్మాయి వచ్చింది, ఇరవై నాలుగేళ్లుంటాయి. అనుమతి పత్రం ఉంది, పక్కన దుబాసీ ఉన్నారు. రిజిస్టరు తీసి ఆమె పేజీ ముందు పెట్టాను. నాకన్నా ముందు ఆ కుర్చీలో కూర్చున్నావిడ రాత. 'ఆకుపచ్చ గళ్ల తువ్వాలు. ఎడమ చేతికి నల్ల దారం. పాలు తాగి నిద్రపోయింది.' దుబాసీ చదివి చెబుతుంటే ఆమె ఆ అక్షరాల మీద వేలు పెట్టి నెమ్మదిగా జరిపింది. తువ్వాలు ఏ ఆకుపచ్చ అని అడిగింది. బీరువాలో సంచి ఉంది, తెచ్చి ఇచ్చాను.

అదే పేజీలో కింద, అదే వారంలో వచ్చిన ఇంకో పాప నమోదు ఉంది. అది రాసింది వేరెవరో. 'ఆడ శిశువు. ఆరోగ్యంగా ఉంది.' అంతే. ఆ పాప కూడా విదేశానికే వెళ్లింది. ఇంకా రాలేదు.